బ్రౌజర్ తేవడం తేలికే, నిలబెట్టడానికే డబ్బు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆర్క్, డియా బ్రౌజర్లు తయారుచేసిన ‘ది బ్రౌజర్ కంపెనీ’ని సాఫ్ట్‌వేర్ సంస్థ అట్లాసియన్ 61 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2025 సెప్టెంబరులో ప్రకటించింది. ‘బ్రౌజర్ పెడితే పెట్టుబడి వస్తుందా, వస్తే ఎలా తీసుకోవాలి’ అంటూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేం ముగ్గురం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. గూగుల్ క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం కోడ్ ఉచితమే కాబట్టి ఆర్నెల్లలో సొంత బ్రౌజర్ తెద్దామనుకుంటున్నాం. ఏమేం కావాలి? ఎక్కడ దెబ్బ తినే అవకాశం ఉంది?

జవాబు: మొదటి బిల్డ్‌కి (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చడానికి) ఆర్నెల్లు అక్కర్లేదు, కొద్ది వారాలు చాలు. కోడ్ దించుకోవడానికి, బిల్డ్ చేయడానికి డిస్కులో కనీసం 100 జీబీ ఖాళీ ఉండాలి. ర్యామ్ 8 జీబీ కనీసం అని గూగుల్ పత్రాల్లో ఉంటుంది, కానీ 16కి తక్కువ ఉంటే ముక్కలన్నీ కలిపే లింకింగ్ దశలో యంత్రం కూలబడుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో మొదటి బిల్డ్‌కి రాత్రంతా పట్టినా ఆశ్చర్యపోకండి. ముగ్గురూ రోజూ పనిచేయాలంటే ఎక్కువ కోర్లున్న ఒక బిల్డ్ సర్వర్, మార్పు లేని ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయకుండా దాచుకునే కాష్ తప్పనిసరి. ఈ రెంటికీ మొదటి నెలలోనే ఖర్చు పెట్టండి.

అసలు పని రెండో నెల నుంచి మొదలవుతుంది. క్రోమ్ కొత్త వెర్షన్ల మధ్య గడువు ఆరు వారాలుండేది, 2021లో నాలుగు వారాలకు తగ్గింది. 2023 ఆగస్టు నుంచి భద్రతా సవరణలు వారం వారం వస్తున్నాయి. మీరు క్రోమియంలో 200 చోట్ల చెయ్యి పెట్టారనుకోండి, ప్రతి వెర్షన్‌కీ ఆ 200 మార్పులనూ కొత్త కోడ్ మీద మళ్లీ కూర్చోబెట్టాలి. కొన్ని అతకవు. అతికినట్టే కనిపించి లోపల విరిగేవి ఇంకొన్ని, ఇవే ఎక్కువ ప్రమాదం. అందుకే మీ కోడ్‌ని వీలైనంతవరకు వేరే ఫోల్డర్లలో, వేరే ఫైళ్లలో ఉంచండి. క్రోమియం సొంత ఫైళ్లలో మీ కోడ్‌ని పిలిచే ఒక్కొక్క పంక్తితో సరిపెట్టండి. ఒక ఫైలులో 40 పంక్తులు మార్చాల్సి వస్తోందంటే డిజైన్ తప్పింది, ఆగి ఆలోచించండి.

ఈ పరుగులో వెనకబడితే ఏమవుతుంది? ఒక లోపాన్ని సరిచేసిన కోడ్ క్రోమియం భాండారంలో అందరికీ కనిపిస్తుంది. దాన్ని చదివి ఆ లోపం ఏమిటో వెనక్కి తవ్వి పట్టుకునేవాళ్లు ఉన్నారు. మీ వినియోగదారుకి అప్‌డేట్ చేరేదాకా గడిచే రోజులనే ప్యాచ్ గ్యాప్ అంటారు. ఆ రోజుల్లో మీ బ్రౌజర్‌ వాడేవాళ్ల బ్యాంకు లాగిన్‌కి రక్షణ లేనట్టే. ఈ గ్యాప్‌ని మూడు రోజుల లోపు ఉంచలేని జట్టు బ్రౌజర్ విడుదల చేయకూడదు. ఇందులో మేం రాజీపడం. దీనికోసమే ఇద్దరు ఇంజినీర్లు పూర్తికాలం ఉండాలి, ఒకరు సెలవు పెట్టినా పని ఆగకూడదు.

ఇక ఉచిత కోడ్‌తో పాటు రానివి చాలా ఉన్నాయి. వైడ్‌వైన్ (సినిమాలను కాపీ కాకుండా కాపాడే గూగుల్ తాళం) లైసెన్సు లేకపోతే చాలా చోట్ల డబ్బు కట్టి చూసే సినిమాలు ఆడవు. హెచ్.264 వీడియోని బిల్డ్‌లో ఆన్ చేయవచ్చు గానీ పేటెంట్ రుసుము లెక్క మీరే చూసుకోవాలి. గూగుల్ అనువాదం, మాటను అక్షరాలుగా మార్చే సేవ గూగుల్ ఇచ్చే కీలు (అనుమతి కోడ్‌లు) లేకుండా పనిచేయవు. గూగుల్ ఖాతాతో బుక్‌మార్కులు సింక్ చేసే దారిని ఇతర క్రోమియం బ్రౌజర్లకు 2021 మార్చిలో మూసేశారు. కాబట్టి సింక్ సర్వర్ మీదే, పాస్‌వర్డ్‌లను కాపాడే బాధ్యతా మీదే. మోసపు సైట్ల హెచ్చరికకి వాడే సేఫ్ బ్రౌజింగ్ అనే గూగుల్ సేవ వ్యాపారేతర వాడకానికే ఉచితం, వ్యాపారానికి వెబ్ రిస్క్ అనే డబ్బు సేవ వేరుగా ఉంది. విండోస్‌కి ప్రోగ్రాం మీదేనని చూపే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కావాలి. అది ఉన్నా, కొత్త ఇన్‌స్టాలర్ మీద స్మార్ట్‌స్క్రీన్ (విండోస్ హెచ్చరిక వ్యవస్థ) కొంతకాలం ఎర్రజెండా ఊపుతూనే ఉంటుంది. మన దేశంలో అమ్మే ఐఫోన్లకైతే ఆపిల్ సొంత బ్రౌజర్ ఇంజిన్ వెబ్‌కిట్‌నే వాడాలి, మీ క్రోమియం శ్రమంతా అక్కడ పనికిరాదు.

మీరు ఉద్యోగాల్లో ఉన్నామని రాశారు కాబట్టి మరో ముఖ్య విషయం. నియామక పత్రంలో ‘ఉద్యోగకాలంలో చేసిన ఆవిష్కరణలు సంస్థవే’ అనే షరతు ఉందేమో ఈ వారమే చదవండి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఒక్క కమిట్ కూడా చేయకండి. పెట్టుబడి పెట్టేవారి లాయరు మొదట అడిగే పత్రాల్లో వ్యవస్థాపకులు కోడ్‌ని కంపెనీకి రాసిచ్చిన దస్తావేజు ఒకటి. కోడ్ ఎవరిదో తేలకపోతే డీల్ అక్కడే ఆగిపోతుంది. క్రోమియం బీఎస్‌డీ లైసెన్సు మీ మార్పులను బయటపెట్టమని అడగదు. ఫైర్‌ఫాక్స్ కోడ్ తీసుకుంటే మాత్రం దాని లైసెన్సు ఎంపీఎల్ 2.0 ప్రకారం మార్చిన ఫైళ్లను విడుదల చేయాలి.

ప్రశ్న: బ్రౌజర్‌ని ఎవరూ డబ్బిచ్చి కొనరు. మరి ఈ కంపెనీలకు ఆదాయం ఎలా వస్తుంది? (విశాఖపట్నం నుంచి ఎంబీఏ విద్యార్థిని)

జవాబు: ఒకప్పుడు కొన్నారు. నెట్‌స్కేప్ తన బ్రౌజర్ లైసెన్సులు అమ్మింది. నార్వేకి చెందిన ఓపెరా ప్రకటనలు లేని బ్రౌజర్‌కి 2005 దాకా డబ్బు తీసుకుంది. మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌ని విండోస్‌తో పాటు ఉచితంగా ఇవ్వడంతో ఆ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు పెద్ద ఆదాయం సెర్చ్ పెట్టెది. అడ్రస్ బార్‌లో కొట్టిన మాట ఏ సెర్చ్ ఇంజిన్‌కి వెళ్తుందో బ్రౌజర్ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి సెర్చ్ కంపెనీ వాటా ఇస్తుంది. సఫారీలో డిఫాల్ట్‌గా ఉన్నందుకు గూగుల్ ఒక్క 2022లోనే ఆపిల్‌కి సుమారు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. సఫారీ సెర్చ్ ప్రకటనల ఆదాయంలో ఆపిల్ వాటా 36 శాతమని కూడా అక్కడే తెలిసింది. ఫైర్‌ఫాక్స్‌ని నడిపే మొజిల్లా ఆదాయంలోనూ సింహభాగం గూగుల్ ఒప్పందానిదే. గూగుల్ మీద నడిచిన ఆ కేసులోనే 2025 సెప్టెంబరులో న్యాయమూర్తి అమిత్ మెహతా క్రోమ్‌ని అమ్మేయక్కర్లేదన్నారు. డిఫాల్ట్ స్థానానికి డబ్బు చెల్లించడాన్ని పూర్తిగా నిషేధించలేదు గానీ, పోటీదారుని రానివ్వని ప్రత్యేక ఒప్పందాలు కుదరవని తీర్పిచ్చారు. ఈ తీర్పు వేరేలా వచ్చి ఉంటే చిన్న బ్రౌజర్ల జీవనాధారమే పోయేది.

చిన్న కంపెనీతో పెద్ద సెర్చ్ సంస్థ నేరుగా ఒప్పందం చేసుకోవడం అరుదు. మధ్యవర్తి కంపెనీ ద్వారా వెళ్లాలి, దానికీ వాటా పోతుంది. లెక్క ఎలా వేయాలో చూడండి. కేవలం ఉదాహరణకి, ఒక్కో వినియోగదారు మీద ఏడాదికి 40 రూపాయలు మిగులుతాయనుకుందాం. ఆరుగురు ఇంజినీర్లకు తలా 25 లక్షలంటే కోటిన్నర. అంటే జీతాలకే 3,75,000 మంది నిత్య వినియోగదారులు కావాలి. సర్వర్లు, అద్దె, ప్రచారం ఇంకా లెక్కలోకే రాలేదు. మీ ప్రణాళికలో ఆ 40 బదులు ఏ అంకె వేశారో, ఎందుకు వేశారో చెప్పలేకపోతే పెట్టుబడిదారు ముందు కూర్చోకండి. ఇన్‌స్టాల్‌ల సంఖ్య కూడా చూపించకండి. ఎవరి డిఫాల్ట్ బ్రౌజర్ మీదో, ముప్పయ్యో రోజున ఇంకా తెరుస్తున్నది ఎంతమందో చూపించండి.

వేరే దారీ ఉంది. ఐలండ్ అనే సంస్థ ఉద్యోగుల కోసం బ్రౌజర్ చేసి కంపెనీలకు అమ్ముతుంది. ఏ ఫైలు దించుకోవచ్చు, ఏ పేజీ నుంచి కాపీ చేయవచ్చు అన్నది యాజమాన్యం నియంత్రించగలదు. 2020లో మొదలైన ఆ సంస్థ విలువ ఐదేళ్లలోనే వందల కోట్ల డాలర్లకు చేరింది. ఇదే రంగంలోని టాలన్‌ని పాలో ఆల్టో నెట్‌వర్క్స్ 2023లో కొంటున్నట్టు ప్రకటించింది. హైదరాబాద్, బెంగళూరుల్లో బీపీవోలు, బ్యాంకుల బ్యాక్ ఆఫీసులు ఎన్నున్నాయో తెలిసినవాళ్లు ఈ దారిని తీవ్రంగా ఆలోచించాలి. కోటిమంది వినియోగదారులు అక్కర్లేదు, బిల్లు కట్టే 50 సంస్థలు చాలు.

ప్రశ్న: ఇన్ని కష్టాలుంటే వెంచర్ సంస్థలు బ్రౌజర్ల మీద ఎందుకు డబ్బు పెడుతున్నాయి? పెట్టినవాళ్లకి తిరిగొచ్చిందా?

జవాబు: నెట్‌స్కేప్ జ్ఞాపకం బలమైనది. 1994 ఏప్రిల్‌లో జిమ్ క్లార్క్, మార్క్ ఆండ్రీసన్ మొదలుపెట్టిన ఆ కంపెనీ 16 నెలలకే, 1995 ఆగస్టు 9న మార్కెట్‌కి వచ్చింది. 28 డాలర్ల షేరు ఆ రోజు 58.25 దగ్గర ముగిసింది. లాభమన్నది ఎరగని కంపెనీ అది. అందులో ముందే పెట్టుబడి పెట్టిన క్లైనర్ పెర్కిన్స్ పంట పండింది. ఆ తర్వాత వచ్చినవాళ్ల కథ వేరు. ఫ్లాక్‌ని 2011 జనవరిలో ఆటల సంస్థ జింగా తీసుకుంది, ఏప్రిల్‌కల్లా బ్రౌజర్ ఆగిపోయింది. ఆండ్రీసన్ సంస్థే డబ్బు పెట్టిన మరో బ్రౌజర్ రాక్‌మెల్ట్‌ని 2013 ఆగస్టులో యాహూ కొని, ఉత్పత్తిని మూసేసింది. బ్రౌజర్‌ని తన చేత్తో కట్టిన మనిషి పక్కనున్నా అది నిలబడలేదు.

ది బ్రౌజర్ కంపెనీ సంగతి చూద్దాం. 2024 మార్చిలో 55 కోట్ల డాలర్ల విలువ దగ్గర 5 కోట్లు తీసుకుంది. ఏడాదిన్నర తర్వాత అమ్ముడైంది 61 కోట్లకి. అంటే చివరి విడతలో వచ్చినవారికి పదికి పదకొండు మాత్రమే. వ్యవస్థాపకులకు, మొదటి విడతల వాళ్లకు మంచి లాభమే. ఏ విలువ దగ్గర లోపలికి వచ్చారన్న దాన్నిబట్టి ఒకే అమ్మకం ఒకరికి పండగ, మరొకరికి మామూలు రోజు.

వెంచర్ క్యాపిటల్ (వీసీ) సంస్థల లెక్క మీకు అర్థం కావాలి. ఒక ఫండు 400 కోట్లదనుకోండి. పదేళ్లలో 1,200 కోట్లు చేసి చూపాలి. పాతిక కంపెనీల్లో పెడితే ఎక్కువ భాగం ఏమీ తిరిగివ్వవు, కాబట్టి ఒక్క కంపెనీయే ఫండు మొత్తాన్ని తిరిగి తేగలదా అని చూస్తారు. చివరికి వాళ్ల చేతిలో 12 శాతం వాటా మిగిలితే, ఆ కంపెనీ 3,333 కోట్లకు అమ్ముడవాలి. మీ బ్రౌజర్ 100 కోట్ల మంచి వ్యాపారం కాగలదు, కానీ 3,333 కోట్లది కాలేదని మీకే అనిపిస్తే వీసీ డబ్బు మీకు తగదు. అది తప్పేమీ కాదు. ఓపెరా సహవ్యవస్థాపకుడు యోన్ ఫోన్ టెట్స్నర్ పెట్టిన వివాల్డి బయటి పెట్టుబడిదారులు లేకుండానే నడుస్తోంది. మన దగ్గర జోహో తన ఉలా బ్రౌజర్‌ని సొంత లాభాలతోనే నిర్మించింది. 2025 మార్చిలో కేంద్ర ఐటీ శాఖ స్వదేశీ బ్రౌజర్ పోటీలో కోటి రూపాయల మొదటి బహుమతి దానిదే.

ప్రశ్న: మాకు పెట్టుబడి షరతుల పత్రం (టర్మ్ షీట్) వచ్చింది. ప్రీ మనీ (పెట్టుబడికి ముందు కంపెనీ విలువ) 32 కోట్లు, పెట్టుబడి 8 కోట్లు, 10 శాతం ఈసాప్ పూల్ (ఉద్యోగులకు ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లు) ముందే పెట్టాలి, ‘1ఎక్స్ పార్టిసిపేటింగ్’ అని ఉంది. ఫుల్ రాచెట్ కూడా ఉంది. విలువ బాగుందని మావాళ్లు సంతకం పెట్టేయమంటున్నారు.

జవాబు: పెట్టకండి. 32 అన్న అంకె చూసి మిగతావి వదిలేయడమే ఇక్కడ జరిగే అసలు నష్టం.

8 పెడితే మొత్తం విలువ 40 కోట్లు, వాళ్లకి 20 శాతం. పూల్ 10 శాతం అంటే 4 కోట్ల విలువైన షేర్లు. అవి ప్రీ మనీలోంచి, అంటే మీ వాటాలోంచి తీస్తున్నారు. కాబట్టి మీ కంపెనీకి వాళ్లు నిజంగా కట్టిన విలువ 28 కోట్లు. మీకు మిగిలేది 70 శాతం. వచ్చే 18 నెలల్లో ఎవరెవరిని తీసుకుంటారో, ఎవరికెంత వాటా ఇస్తారో జాబితా రాసి చూపండి. 6 శాతంతో సరిపోతుందని తేలితే పూల్ 6 శాతమే పెట్టండి. ‘బయట అందరూ ఇంతే ఇస్తున్నారు’ అని వాదించేకన్నా జాబితా ఎక్కువ పనిచేస్తుంది.

పార్టిసిపేటింగ్ అంటే ముందు తమ 8 కోట్లు తీసుకుని, మిగిలిన దాంట్లోనూ 20 శాతం వాటా పంచుకోవడం. కంపెనీ 20 కోట్లకు అమ్ముడైతే 8, దాని మీద 2.4 కలిపి 10.4 కోట్లు వాళ్లకి. నాన్ పార్టిసిపేటింగ్ అయితే తమ 8 కోట్లు గానీ 20 శాతం వాటా గానీ, ఏది ఎక్కువైతే అదొక్కటే, కాబట్టి ఇక్కడ 8తో ఆగుతుంది. 40 కోట్లకు అమ్మితే 14.4కి బదులు 8. 100 కోట్లకు అమ్మితే 26.4కి బదులు 20. బ్రౌజర్ కంపెనీల్లో ఎక్కువ అమ్మకాలు చిన్నవే కాబట్టి ఈ ఒక్క మాట మీకు కోట్లలో తేడా తెస్తుంది. ‘1ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్’ అడగండి. దీనికోసం ప్రీ మనీ రెండు మూడు కోట్లు తగ్గించాల్సి వచ్చినా ఒప్పుకోవడం నయం.

ఫుల్ రాచెట్ ఇంకా ప్రమాదం. తర్వాతి విడతలో షేరు ధర తగ్గితే వాళ్ల పాత ధరనూ అంతకే దించి, ఆ మేరకు షేర్లు పెంచే షరతు అది. షేరు ధర 1,000 రూపాయలనుకుంటే మొత్తం 4,00,000 షేర్లు, వాళ్లవి 80,000. తర్వాతి విడత 500 రూపాయలకు 2 కోట్లు మాత్రమే తెచ్చారనుకోండి. ఫుల్ రాచెట్‌లో వాళ్ల 80,000 ఒక్కసారిగా 1,60,000 అవుతాయి, వచ్చిన కొత్త డబ్బు ఎంత చిన్నదైనా సరే. అదే ‘బ్రాడ్ బేస్డ్ వెయిటెడ్ యావరేజ్’ సూత్రమైతే, అంటే కొత్త డబ్బు ఎంతో దాన్నిబట్టి ధర దించితే, మార్పిడి ధర సుమారు 954 రూపాయలకు దిగి, షేర్లు దాదాపు 83,800 దగ్గర ఆగుతాయి. దీన్నే పట్టుబట్టండి.

ఇంకా ఈ మూడూ వెతకండి. నిర్ణీత గడువులో అమ్మకం కుదరకపోతే వ్యవస్థాపకులే సొంతంగా వాటా కొనాలనే షరతు ఉంటే కొట్టేయించండి. కంపెనీ మీద ఇచ్చే హామీలకు మీ వ్యక్తిగత బాధ్యతకి పరిమితి రాయించండి. మీ షేర్లు నాలుగేళ్లలో దక్కేలా వెస్టింగ్ పెడతారు, అది మామూలే. ఇప్పటికే పనిచేసిన కాలాన్ని అందులో కలిపి లెక్కించమని అడగండి.

ప్రశ్న: తెలుగువారి కోసమే ఒక బ్రౌజర్ అంటే ఎలా ఉంటుంది? ఏఐ కూడా జోడిస్తాం.

జవాబు: ముందు, ఇప్పటికే ఉన్న బ్రౌజర్‌కి జోడించుకునే ఎక్స్‌టెన్షన్‌గా చేయండి. క్రోమ్ వెబ్ స్టోర్ నమోదు రుసుము ఒక్కసారి 5 డాలర్లు. క్రోమియం మోత లేకుండానే మీ ఆలోచన జనానికి అక్కరకొస్తుందో లేదో మూడు నెలల్లో తేలిపోతుంది. తెలుగులో చదివి వినిపించడం, మాటతో వెతకడం, కష్టమైన ప్రభుత్వ పేజీని వాడుక తెలుగులో చెప్పడం, ఇవన్నీ ఎక్స్‌టెన్షన్‌లో కుదురుతాయి. పేజీలో పదం వెతికే కోడ్ సొంతంగా రాస్తే, ‘స్టార్టప్‌లు’ లాంటి మాటల్లో ప్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుందని మరవకండి. రెండు వైపులా దాన్ని తీసేసి పోల్చాలి, లేకపోతే కళ్లెదుట ఉన్న పదమే దొరకదు.

ఏఐ విషయంలో ఖర్చు కన్నా భద్రత ముందు. వినియోగదారు తరఫున బటన్లు నొక్కే ఏజెంటు, వెబ్ పేజీలో దాచిన వాక్యాలను ఆదేశాలుగా పొరబడుతుంది. పర్‌ప్లెక్సిటీ కామెట్‌లో ఇలాంటి లోపాన్ని మరో బ్రౌజర్ సంస్థ బ్రేవ్ పరిశోధకులు 2025 ఆగస్టులో బయటపెట్టారు. ఏజెంటుని లాగిన్లు లేని వేరే ప్రొఫైల్‌లో నడపండి. డబ్బు, మెయిల్, పాస్‌వర్డ్ తాకే ప్రతి పనికీ మనిషి అనుమతి అడగండి.

ప్రశ్న: వీసీ దాకా వెళ్లకముందే మా మేనమామ 15 లక్షలు, డాలస్‌లో ఉండే బావగారు 30 లక్షలు ఇస్తామంటున్నారు. అప్పుగా తీసుకోవచ్చా? (గుంటూరు)

జవాబు: మన ఇళ్లలో మేనమామ లేకుండా ఏ శుభకార్యమూ జరగదు గానీ, కంపెనీల చట్టంలోని బంధువుల జాబితాలో ఆయన లేరు. అక్కడ ఉన్నది భార్యాభర్తలు, అవిభక్త కుటుంబ సభ్యులు, తల్లిదండ్రులు, కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. కాబట్టి ప్రైవేటు కంపెనీ ఆయన దగ్గర నేరుగా అప్పు తీసుకుంటే డిపాజిట్ నిబంధనల ఉల్లంఘన అవుతుంది. తర్వాత షేర్లుగా మార్చుకునే అప్పుపత్రం, అంటే కన్వర్టిబుల్ నోటూ కుదరదు. దానికి కేంద్ర శాఖ డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉండాలి, ఒక్కొక్కరి నుంచి ఒకే విడతలో కనీసం 25 లక్షలు రావాలి.

ఆదాయపు పన్ను చట్టం మాత్రం మేనమామని బంధువుగానే చూస్తుంది. ఆయన మీకు వ్యక్తిగతంగా బహుమతి ఇస్తే మీకు పన్ను లేదు. గిఫ్ట్ డీడ్ రాయించుకుని ఆ డబ్బుని డైరెక్టరుగా మీరు కంపెనీకి అప్పుగా ఇవ్వవచ్చు, అది అప్పు తెచ్చిన సొమ్ము కాదని రాతపూర్వక ప్రకటనతో. ఆయనకి వాటా కావాలంటే షేర్లు జారీ చేయడమే సరైన దారి.

ఆ గుర్తింపు ఉంటే బావగారి 30 లక్షలు నోటుగా తీసుకోవచ్చు, షేర్లుగానూ తీసుకోవచ్చు. ఆ డబ్బు రేపు అమెరికాకి తిరిగి వెళ్లాలా వద్దా అని ముందే అడగండి. తిరిగి తీసుకెళ్లే పద్ధతిలో పెడితే అది విదేశీ పెట్టుబడి. ధరకి విలువ నివేదిక కావాలి. షేర్లకైతే ఫారం ఎఫ్‌సీ జీపీఆర్, నోటుకైతే ఫారం సీఎన్ 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకి వెళ్లాలి. తిరిగి తీసుకెళ్లని పద్ధతిలో పెడితే దేశీయ పెట్టుబడి కిందే లెక్క. ఏ పద్ధతో ఒప్పందంలో స్పష్టంగా రాయండి, తర్వాత మార్చుకోవడం తేలిక కాదు.

షేర్లు ఎవరికిచ్చినా క్రమం ఒకటే. బోర్డు, వాటాదారుల తీర్మానాలయ్యాక ప్రతి ఒక్కరికీ పేరుతో ఆఫర్ పత్రం పీఏఎస్ 4 పంపాలి. డబ్బు వారి సొంత ఖాతా నుంచి, కంపెనీ ఇందుకోసమే తెరిచిన ప్రత్యేక ఖాతాలోకి రావాలి. మామయ్య బదులు ఆయన కొడుకు ఫోన్‌పే చేస్తే చెల్లదు, వెనక్కి పంపి మళ్లీ తెప్పించండి. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో కేటాయింపు వివరాల ఫారం పీఏఎస్ 3 దాఖలు చేయాలి. అది దాఖలయ్యేదాకా ఆ ఖాతాలోంచి ఒక్క రూపాయి కూడా వాడకూడదు. 2025-26 మదింపు సంవత్సరం నుంచి ఏంజెల్ ట్యాక్స్ (షేర్లకు విలువకి మించి వచ్చిన డబ్బు మీద పన్ను) లేకపోయినా, ధర ఎలా కట్టారో రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక ఫైలులో ఉంచండి. వీసీ వచ్చిన రోజు మొదట తిరగేసేది ఆ ఫైలునే.